రాని రోడ్డు

సైకిలు తొక్కడానికి కారేసుకుని వచ్చే మనుషులను నేను మా ఎర్రగట్టు కిందే మొదటిసారి చూశాను. కారు నెత్తిన సైకిళ్ళు కట్టుకుని నందిగామ నుంచీ, బెజవాడ నుంచీ, ఒక్కోసారి హైదరాబాదు నుంచీ కూడా దిగేవారు. ఆ సైకిలు మీదే రావచ్చుగా అంటే నవ్వేవారు. సైకిళ్ళు చూడబోతే చక్రాలు లావు, మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, వెనక క్యారేజీ లేదు. కనీసం ఒక గడ్డిమోపు పెట్టుకోవడానికి వీల్లేని సైకిలు ఎందుకని నా బాధ.

మాది వీరులపాడు మండలంలో ఆ గట్టు కింద చిన్న ఊరు. గట్టంటే కొండే, దాని మీదంతా రిజర్వు అడవి. ఊరి చివర, చేలల్లోకి డొంక మొదలయ్యే చోట నాకు టిఫిను బండి ఉంది. నా పేరు జీవరత్నం. నోటిదురుసు మనిషినని ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. నిజమే. నా ఇడ్లీ తిని వంక పెట్టినవాణ్ణి నేను ఊరికే పోనివ్వలేదు, పోనివ్వను.

ఈ సైకిళ్ళవాళ్ళకు పెద్ద కల్యాణ్. నందిగామ కుర్రాడు. పొలాలున్న ఇంటివాడు, కంప్యూటరు ఉద్యోగం ఇంట్లో కూర్చునే చేసుకుంటాడు, ఆదివారం వస్తే గట్టెక్కుతాడు.

"వీటిని గ్రావెల్ బైకులంటారు ఆంటీ," అన్నాడు మొదట్లో.

"గ్రావెలా? గ్రావెలంటే మాకు తెలిసింది టిప్పర్లే. మీరు కూడా గట్టు తవ్వుకుపోడానికే వచ్చారా ఏంటి?"

"అయ్యో, కాదాంటీ. మట్టి దారుల్లో తొక్కే సైకిళ్ళు ఇవి. తారురోడ్డు కనబడితే మాకు ఏడుపొస్తుంది."

బండి దగ్గర ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. ఊరికి తారురోడ్డు వేస్తామంటే నమ్మి ఎంతమందికి ఓట్లేశామో మాకే గుర్తులేదు. వీళ్ళకు తారురోడ్డు చూస్తే ఏడుపట!

అయినా మంచివాడు. తాగి పారేసిన సీసాలు అడవిలో కనబడితే ఏరుకొచ్చి నా బండి పక్కన గోనెసంచిలో వేసేవాడు. టీ తాగుతూ ఫోనులో గట్టు బొమ్మ తీసి చూపించేవాడు. నందిగామలో మొదలై, వీరులపాడు దాటి, మా డొంక మీదుగా గట్టెక్కి, అవతల మైలవరం వైపు దిగేదాకా ఒక గీత వంకర్లు తిరుగుతూ ఉండేది. ఏ వంపులో మొరం జారుతుందో, ఏ వాగులో ఎప్పటిదాకా నీళ్ళుంటాయో అన్నీ అందులో గుర్తులు పెట్టుకున్నాడు. "ఇట్టాంటి రూటు మన చుట్టుపక్కల ఇంకోటి లేదాంటీ," అంటూ మురిసిపోయేవాడు. వాడు చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది. నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని.

ఆ డొంక గట్టు మొదలుకు చేరే మలుపులో మా ఆడపడుచు సౌభాగ్యమ్మ చేను ఉంది. ఎప్పుడో ప్రభుత్వం ఇచ్చిన పట్టా నేల. ఎర్ర మొరం. పత్తి వేస్తే మోకాలెత్తుకు మించి లేవదు. ఆ చేను చివర, డొంకను ఆనుకుని, దాని కూతురి సమాధి ఉంది.

పిల్ల పేరు జాయిస్. సౌభాగ్యానికి ఒక్కటే కాన్పు. పిల్లకు ఇంకా రెండేళ్ళు నిండలేదు, జ్వరమొచ్చింది. నందిగామ తీసుకెళుతుంటే దారిలోనే పోయింది. అది పెద్ద వానల కాలం. చెరువు పక్కనున్న మా సమాధుల దొడ్డి నీళ్ళలో మునిగి ఉంది. అందుకని పిల్లను తల్లి చీరలో చుట్టి తీసుకెళ్ళి చేలోనే పెట్టాం. మొగుడు ఆ తర్వాత ఎటో పోయాడు. వాడి సంగతి చెప్పుకోవడం కూడా దండగ. పిల్ల బతికుంటే ఈపాటికి దానికే పిల్లలుండేవాళ్ళు.

సౌభాగ్యం పొద్దున్నే చేలోకి వెళ్ళగానే సమాధి మీద చెయ్యి వేసి, "లేచావా అమ్మా," అంటుంది. సాయంత్రం, "వెళ్ళొస్తా," అని చెప్పి వస్తుంది. ఏటా సమాధుల పండక్కి సున్నం వేసి కొవ్వొత్తి వెలిగిస్తుంది. తల దగ్గర చిన్న సిలువ ఉండేది. గేదె ఒరుసుకుంటే విరిగిపోయింది. తెలియనివాళ్ళు చూస్తే అదొక సిమెంటు దిమ్మ, అంతే.

"పిచ్చిమొహమా, పోయినదానితో మాటలేంటే," అని మొదట్లో కసిరేదాన్ని.

"అది అక్కడుంది కాబట్టే నేనిక్కడున్నా వదినా," అంది ఒకసారి. మళ్ళీ ఎప్పుడూ కసరలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. సౌభాగ్యం, మా ఆయన నెహెమ్యా పుట్టింది చిల్లకల్లు దగ్గర. మా ఆయన మా ఇంటికి ఇల్లరికం వచ్చాడు, చెల్లెల్ని కూడా మా ఊరికే ఇచ్చారు. వాళ్ళ నాన్న సమాధి అక్కడ హైవే పక్కన ఉండేది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ముందు ముగ్గు పోశారు. తర్వాత సమాధుల మీద ఎర్రరంగుతో గుర్తులు పెట్టారు. ఎవరివాళ్ళను వాళ్ళు తీసుకెళ్ళండని చెప్పారు కూడా. మావాళ్ళకు చేతులు రాలేదు. కన్నతండ్రిని తవ్వి తీయడానికి ఎవరికి చేతులొస్తాయి? ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ ఉండగానే మిషను వచ్చింది. ఇప్పుడు ఆ చోటు మీద లారీలు పోతుంటాయి. జగ్గయ్యపేట బస్సెక్కితే చిల్లకల్లు దగ్గర సౌభాగ్యం రెండు కాళ్ళూ పైకెత్తి సీటులో ముడుచుకుని కూర్చుంటుంది, నాన్న మీద కాలు పెట్టకూడదని. బస్సులో జనం వింతగా చూస్తారు. చూడనీ, వాళ్ళ సొమ్మేం పోయింది.

మొన్న అక్టోబరులో మా అమ్మాయి రెండో కాన్పుకు జగ్గయ్యపేట వెళ్ళాను. వాళ్ళ అత్తగారికి కాళ్ళనొప్పులు, చేసేవాళ్ళు లేరు. బండి మూసి వెళ్ళాను. ఆడపిల్ల పుట్టింది. నేను అక్కడ పసిదానికి నీళ్ళు పోస్తూ ఉండగానే ఇక్కడ జరగాల్సిందంతా జరిగింది.

శనివారం పొద్దున మా ఆయన ఫోను చేశాడు.

"ఏమే, రోడ్డొస్తుందే."

"ఏం రోడ్డు?"

"రింగురోడ్డంట. మన డొంక మీదుగానే. నిన్న జీపులో వచ్చి పొడుగూతా ముగ్గు పోసి పోయారు. చెట్లకి రిబ్బన్లు కట్టారు. మన సౌభాగ్యం చేలో కూడా... జాయిస్ మీద ఎర్రగుర్తు పెట్టారే."

బాలింత మంచం మీదే కూర్చున్నాను.

"రింగురోడ్డని ఎవరు చెప్పారు?"

"కృపారావు."

కృపారావు స్థలాల బ్రోకరు. గట్టు మీద కాకి వాలినా ఏదో ప్రాజెక్టు సర్వేకే వచ్చిందని చెప్పగలడు.

"ఆ ఎదవ మాట పట్టుకునా!"

"వాడి సంగతొదిలెయ్. గుర్తు నా కళ్ళతో నే చూసాగా. నాన్నకి పెట్టినట్టే పెట్టారు. అదే ఎరుపు. చెల్లి నిన్నటి నుంచీ మెతుకు ముట్టలేదు. ఈసారి మిషను వచ్చేదాకా ఆగనంటుంది. ఇయ్యాల తీసి మన సమాధుల దొడ్లో పెట్టేస్తాం. పాస్టరుగారిని కూడా అడిగాం. రేపు ఆరాధనయ్యాక ప్రార్థన చేస్తానన్నారు."

"నే వచ్చేదాకా ఆగండి. బయల్దేరుతున్నా. ఆగమంటున్నానా!"

"ఆగి ఆగేగా నాన్నని పోగొట్టుకుంది," అని ఫోను పెట్టేశాడు.

పసిదాన్ని వాళ్ళమ్మ పక్కన పడుకోబెట్టి, చీర కూడా మార్చుకోకుండా బస్సెక్కాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. ఇంకా పట్టుమని పదిరోజులు లేని పిల్లను ఎత్తుకున్న చేతులు, ఇప్పుడెళ్ళి ఇంకో పిల్ల ఎముకలు ఎత్తుకోవాలి. ప్రభువా, ఇదేం రాత అనుకున్నాను.

చిల్లకల్లు దగ్గర బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే హైదరాబాదు వైపు నుంచి వచ్చిన కార్లు వరసగా టీ కొట్టు ముందు ఆగి ఉన్నాయి. ఒక్కోదాని నెత్తిన రెండేసి సైకిళ్ళు. లావు చక్రాలు. స్టాండు లేదు, క్యారేజీ లేదు.

అప్పుడు తట్టింది నాకు. కల్యాణ్‌కు ఫోను చేశాను.

"చెప్పండాంటీ! నేనే చేద్దామనుకుంటున్నా. రేపు పెద్ద రైడుంది, జనం బాగా వస్తున్నారు. బండి తీస్తున్నారా?"

"బాబూ, మా డొంకలో ముగ్గు పోసింది మీరేనా?"

"మేమే. మావాళ్ళు నిన్న జీపులో వెళ్ళి మార్కింగ్ చేసొచ్చారు."

"ఎర్రరంగు కూడా?"

"అదా, సిమెంటు మీద ముగ్గు నిలవదని స్ప్రే కొట్టారంట. మలుపులో ఏదో పాత దిమ్మ ఉంటే దాని మీద బాణం గుర్తు వేసారు. ఎందుకాంటీ? ఎవరన్నా అబ్జెక్షన్ చెప్పారా?"

ఏమని చెప్పను? ఫోను కట్ చేసి నెహెమ్యాకు చేశాను. ఆ చేలో సిగ్నలుండదు. మళ్ళీ చేశాను. మళ్ళీ. ఊళ్ళో ఇంకెవరికైనా చేద్దామంటే పత్తితీతల రోజులు, ఊరు ఊరంతా చేలల్లోనే ఉంది. ఆఖరికి సిగ్గు విడిచి కృపారావుకు చేశాను. "నేను బెజవాడలో ఉన్నానక్కా," అన్నాడు. చిచ్చు పెట్టి బెజవాడ పోయి కూర్చున్నాడు దిక్కుమాలినవాడు. వాడికి ఆ ఫోనులోనే వినరాని తిట్లన్నీ తిట్టాను. నా ఆయాసం తప్ప ఏం లాభం?

నందిగామలో ఆటోవాడు జనం నిండితే గాని కదలనన్నాడు. "మా ఇంట్లో పిల్లని తవ్వుతున్నార్రా నాయనా, పోనీరా," అని అరిచాను. వాడికేమర్థమైందో, నా మొహం చూసి భయపడి పోనిచ్చాడు.

డొంకలో పరుగులాంటి నడక నడిచాను. కాళ్ళ కింద ముగ్గు బాణాలు కనిపిస్తూనే ఉన్నాయి. చక్కగా, శ్రద్ధగా, పెళ్ళింటి ముందు వేసినట్టు వేశారు. చెట్లకు ఎర్ర రిబ్బన్లు ఊగుతున్నాయి.

అప్పటికే తవ్వేశారు.

సిమెంటు దిమ్మ రెండు ముక్కలై పక్కన పడి ఉంది. బాణం గుర్తు సగం ఒక ముక్క మీద, సగం ఇంకో ముక్క మీద. నెహెమ్యా నడుముదాకా గుంతలో నిలబడి ఉన్నాడు. గుంత అంచున కొత్త తెల్లగుడ్డ పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. గుడ్డ మీద ఏమీ లేదు. సౌభాగ్యం జల్లెడ పట్టుకుని మన్ను జల్లిస్తోంది.

"ఏదీ?" అన్నాను.

నెహెమ్యా తలెత్తలేదు. "లేదే," అన్నాడు.

"లేకపోవడమేంటి?"

"ఏం లేదు. ఎముక లేదు, చీర పోగు లేదు. అంతా మొరమే."

గుంతలోకి తొంగి చూశాను. ఎర్రగా, శుభ్రంగా ఉంది. అక్కడ ఎవర్నో పెట్టారంటే నమ్మబుద్ధి కాదు. గట్టు మీది వాననీళ్ళన్నీ ఏటా ఆ చేలోంచే జారతాయి. ఇన్నేళ్ళ వానల్లో ఏడాదిన్నర పిల్ల ఎముకలు ఏపాటివి? కరిగిపోయాయో, కొట్టుకుపోయాయో, ఏ నక్కలు ఎప్పుడు ఏం చేశాయో, దేవుడికే తెలియాలి. ఆయనెలాగూ చెప్పడు.

"లోపలికి జారుంటుంది వదినా," అంది సౌభాగ్యం, నన్ను చూసి. ఏడవడం లేదు. పని తొందరలో ఉన్న మనిషిలా మాట్లాడుతోంది. "లేకపోతే ఇటు పక్కకి. పసిది కదా, తేలిగ్గా ఉంటుంది, జారిపోయుంటుంది. అన్నయ్యా, ఇటు కూడా తవ్వు."

నెహెమ్యా అటు కూడా తవ్వాడు. జల్లెడలో తెల్లరాయి ఏది కనబడ్డా సౌభాగ్యం తీసి, కొంగుతో తుడిచి, ఎండకు పెట్టి చూసేది. రాయే. పక్కన పెట్టేది. పారెయ్యడానికి మనసొప్పక పక్కన పెట్టేది. అలా ఒక చిన్న కుప్ప అయింది.

చెప్పాల్సిన మాట నా నాలుక మీదే ఉంది. రోడ్డు రావడం లేదే, సైకిళ్ళవాళ్ళు ముగ్గు పోశారే అని. నోట్లోకొచ్చిన మాట మింగడం నాకు చేతకాదు, పుట్టి బుద్ధెరిగి మింగలేదు. ఆ రోజు మింగాను. చెబితే ఏమవుతుంది? పిల్ల తిరిగి గుంతలోకి వస్తుందా?

పొద్దు గూకేదాకా తవ్వించింది. ఇక పార కనబడని చీకటిలో ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాం. తెల్లగుడ్డ మడతపెట్టి చంకలో పెట్టుకుంది. పాస్టరుగారికి ఏం చెప్పాలో అని నెహెమ్యా గొణిగాడు. ఆయన ప్రార్థన చేయడానికి ఏముంది అక్కడ?

సౌభాగ్యాన్ని పడుకోబెట్టి, పెరట్లోకి తీసుకెళ్ళి మా ఆయనకు చెప్పాను. ముందు అర్థం కాలేదు ఆయనకు.

"సైకిళ్ళేంటే?"

"కల్యాణ్ వాళ్ళు. రేపు పోటీలాగా ఏదో పెట్టుకున్నారంట. దారి తెలియడానికి వేసుకున్న గుర్తులు."

"సైకిళ్ళా?" అన్నాడు మళ్ళీ. తర్వాత నేల మీద చతికిలబడి, మట్టి కూడా కడుక్కోని ఆ రెండు చేతులతో తల బాదుకున్నాడు. నేను పట్టుకుని ఆపాల్సి వచ్చింది. "నేనే తవ్వానే. ఈ చేతుల్తో నేనే లేకుండా చేసానే," అన్నాడు.

కాసేపయ్యాక నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "దానికి మాత్రం చెప్పకే. రోడ్డొచ్చి తీసామనుకుంటే ఎట్టాగో బతుకుద్ది. రోడ్డేస్తే ఎట్టాగూ పోయేదేగా అనుకుంటుంది. సైకిళ్ళ కోసమని తెలిస్తే చచ్చిపోద్ది అది."

"రేపు సైకిళ్ళొస్తాయిగా?"

"పొద్దున్నే దాన్ని చర్చికి తీసుకుపో. అవి పోయేదాకా అక్కడే కూర్చోబెట్టు."

సరేనన్నాను. ఇన్నాళ్ళూ దాన్ని కసిరినదాన్ని, తిట్టినదాన్ని, అన్నం పెట్టినదాన్ని కూడా నేనే. ఈ ఒక్కటీ దానికి తెలియకుండా చెయ్యలేనా అనుకున్నాను.

తెల్లారి చూస్తే సౌభాగ్యం మంచం మీద లేదు. జల్లెడా లేదు.

నేను చీపురు పట్టుకుని డొంకలోకి పరిగెత్తాను. గుర్తులు లేకపోతే సైకిళ్ళు అటు రావనుకున్నాను, అంత తెలివి నాది. ముగ్గు బాణాలన్నీ చీపురుతో చెరిపాను. చెరగని చోట కాళ్ళతో రాశాను. రిబ్బన్లు అందినవి అందినట్టు పీకాను. మలుపు దాకా చెరుపుకుంటూ వెళ్ళేసరికి చేలో సౌభాగ్యం కనబడింది. గుంతలో కూర్చుని ఉంది. తల మాత్రమే కనిపిస్తోంది. "చర్చికి పోదాం రావే," అని పిలిచాను. "నువ్వెళ్ళొదినా, ఇటు పక్క ఇంకా చూళ్ళేదు," అంది.

వెనక మొరం మీద చక్రాల చప్పుడు వినిపించింది.

వెనక్కి వెళ్ళి డొంకకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. రంగురంగుల బనీన్లు వేసుకుని ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. "ఇటు దారి లేదు, అటు పొండి, అటు పొండి," అని అరిచాను.

ముందున్నవాడు సైకిలుకు తగిలించిన ఫోను చూపించి నవ్వాడు. "మ్యాప్‌లో ఇటే ఉందాంటీ," అని నా పక్కనుంచి పోయాడు. వెనకవాళ్ళు కూడా నాకు అటొకరు ఇటొకరు తప్పుకుని, "గుడ్ మార్నింగ్ ఆంటీ" అంటూ పోయారు. ఒక్కరు కూడా నేల వంక చూడలేదు.

కల్యాణ్ వచ్చి సైకిలు దిగాడు. "ఏంటాంటీ, చీపురుతో?"

"దారి ఫోన్లో ఉందిగా! మరి ముగ్గెందుకు పోసావయ్యా? ఎందుకు పోసావు?"

బిత్తరపోయాడు. "పెద్ద రైడు కదాంటీ. కొంచెం పండగలా ఉంటుందని... ఫొటోల్లో బావుంటుందని."

చీపురు పారేసి, అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోపే సౌభాగ్యం చేలోంచి డొంకలోకి వచ్చింది. ఒంటి నిండా ఎర్రమట్టి. చేతిలో జల్లెడ.

"బాబూ, మీరు రోడ్డోళ్ళాండీ?" అని అడిగింది కల్యాణ్‌ను.

"రోడ్డేంటమ్మా?"

"ఈ డొంక మీదుగా వేస్తారంటగా. ముగ్గు పోసింది మీరేగా?"

"సౌభాగ్యం, పదవే ఇంటికి," అని రెక్క పట్టి లాగాను.

"ఉండొదినా, అడగనీ. ఎప్పుడేస్తారండీ రోడ్డు?"

నేను దాని వెనక నిలబడి కల్యాణ్‌కు కళ్ళతో సైగ చేశాను. వద్దని తల ఊపాను, చేతులు జోడించాను. చెప్పొద్దురా నాయనా అని నా ఉద్దేశం. వాడికి ఇంకోలా అర్థమైంది. పొలం పోతుందని ముసలామె భయపడుతోంది, ధైర్యం చెప్పమంటున్నాననుకున్నాడు. వాడి మొహంలో జాలి కనబడింది నాకు. ఆ జాలి చూసి నా ప్రాణం పోయింది.

"అయ్యో, ముగ్గు చూసి కంగారుపడ్డారా అమ్మా?" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో. "సారీ అమ్మా, అది మా సైకిళ్ళ కోసం వేసుకున్న గుర్తు. ఇంకో వానొస్తే పోద్ది. రోడ్డూ లేదు, ఏమీ లేదు."

"రింగురోడ్డంట కదండీ."

"ఎవరో ఊరికే పుట్టించుంటారు. పక్కనే రిజర్వు ఫారెస్టు కదమ్మా, ఇటు రోడ్డెయ్యనివ్వరు. మీ చేలో మట్టి పిడికెడు కూడా ఎవరూ కదపరు. ఎట్టా ఉన్నది అట్టాగే ఉంటుంది."

"ఎప్పటికీ రాదాండీ?"

"ఎప్పటికీ రాదమ్మా. మీరు నిశ్చింతగా ఉండండి."

సౌభాగ్యం కదలకుండా నిలబడింది. గుండె కుదుటపడిందనుకున్నాడు కాబోలు, చొక్కా వెనక జేబులోంచి పల్లీ చిక్కీ పొట్లం తీసి, తీసుకోమ్మా అని జల్లెడలో పెట్టాడు. నాకు దణ్ణం పెట్టి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మలుపులో గుంత కనబడగానే, "జాగ్రత్త, గుంతుంది, పక్కకి రండి," అని వెనకవాళ్ళకు కేకేసి చెప్పడం వినిపించింది.

అందరూ పోయారు. దుమ్ము అణిగేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

"సైకిళ్ళకా వదినా?" అంది.

"ఊఁ."

"నీకు తెలుసా?"

"నిన్న బస్సులో తెలిసింది. వచ్చేసరికే అయిపోయిందే. పరిగెత్తుకొచ్చా సౌభాగ్యం, నిజంగా పరిగెత్తుకొచ్చా."

నన్ను జుట్టు పట్టుకుని కొట్టినా బాగుండేది. జల్లెడ మెల్లగా నేల మీద పెట్టి, దాని పక్కనే కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంటే మట్టి ఇంకా పులుముకుంది.

"మొన్న గురువారం సాయంత్రం కూడా వెళ్ళొస్తానని చెప్పి వచ్చా," అంది. "అప్పుడు ఉంది. కదొదినా?"

ఆ ఎముకలు ఎన్నేళ్ళ కిందటే మట్టయ్యాయో చెప్పొచ్చు. గురువారం కూడా అక్కడ ఏమీ లేదే, నువ్వు ఉత్త మట్టికే చెప్పొచ్చావే అని చెప్పొచ్చు. అది నిజం కూడా. ఎవరికి కావాలి ఆ నిజం?

"ఉంది," అన్నాను.

"తవ్వకపోతే ఉండేది."

"ఉండేదే."